మేష్టారి సాక్ష్యం

గోదారి గట్టు దిగువన మధుబాబు మేష్టారి ఇల్లు. మధ్యాహ్నం. వాకిట్లో షామియానా సగం లేచి ఆగిపోయింది.

"వద్దని చెప్పేశానంటే ఏవిటండీ? ఎవరికి చెప్పేశారు?"

"చర్చి అయ్యగారికి. సాయంత్రం కూడిక లేదండి, ఏమీ అనుకోకండి అని ఫోన్లో చెప్పేను. షామియానా వాళ్లని కూడా విప్పేసుకోమన్నాను."

"నాతో ఒక్క మాట అనకుండానే?"

"అంటే ఒప్పుకుంటావా లిడియా నువ్వు?"

"ఒప్పుకోను. ఇప్పుడూ ఒప్పుకోను. సంఘవంతటినీ పిలిచేను. పెరట్లో పలావుకి ఎసరు మరుగుతోంది. రాజోలు నించి మా అన్నయ్యావాళ్లు బయల్దేరిపోయేరు. వాళ్లకేం చెప్పమంటారు? మా ఆయనకి మనసు బాలేదు, అంచేత కృతజ్ఞత కూడిక రద్దు అని చెప్పనా?"

"అలాగే చెప్పు. నిజవే కదా."

"నిజవే. మీకు మనసు బాగుండి ఎన్నాళ్లయింది? వరద తీసేసింది. వీధిలో మేటేసిన ఇసక కూడా ఎత్తేశారు. మీరు మాత్రం ఇంకా ఆ నీళ్లలోనే ఉన్నారు."

"నన్నొదిలెయ్."

"వదలను. గట్టు మీద నిలబడి మొక్కుకున్నది నేను. లంకలో బడి నించి వస్తున్న మీ పడవ తిరగబడిందని కబురొచ్చేక, చీకటి పడేదాకా ఆ గట్టు మీద... ప్రభువా, ఈ మనిషిని ఇంటికి పంపు, పదిమందిలో నిలబెట్టి నీకు స్తోత్రం చెప్పిస్తాను అన్నాను. పంపేడు. ఇప్పుడు మీరు నోరు తెరవనంటే ఎలాగండీ?"

"నువ్వే చెప్పు. మొక్కుకున్నది నువ్వు కదా."

"నీళ్లలో ఉన్నది మీరు కదా. సాక్ష్యం మీరు చెప్పాలి."

"ఏవని? లేచి నిలబడి ఏవనాలి నేను?"

"దేవుడు నన్ను రక్షించేడు అని. అంతే. అంతకన్నా ఎవరూ అడగరు."

"దేవుడా? పడవ తోలిన సూరయ్య రక్షించేడు. పడవలో ఉన్నది ఒక్క లైఫ్ జాకెట్టు. అది తన వొంటి మీంచి విప్పి నాకు తొడిగేడు. నాకు ఈత రాదని అతనికి తెలుసు."

"ఆ సూరయ్యని మీకు తోడిచ్చింది ఎవరు మరి?"

"తోడిచ్చి? తోడిచ్చి, పనైపోయేక తీసుకుపోయేడా? అలా చెప్పమంటావా? నన్ను గట్టునేసి అతన్ని ముంచేసినందుకు స్తోత్రం అని చెప్పమంటావా?"

"నోటికొచ్చినట్టు మాట్లాడకండి."

"నోటికి రావడం లేదనే కదా నా గోల."

"అన్నిటికీ స్తోత్రం చెప్పాలని సండేస్కూల్లో పిల్లలకి నేర్పింది మీరు. మా అమ్మ మంచాన పడ్డప్పుడు నా పక్కన కూర్చుని, సుఖంలో ఎవరైనా చెప్తారు లిడియా, కష్టంలో చెప్పిందే స్తోత్రం అన్నది మీరు. మర్చిపోయేరా?"

"మర్చిపోలేదు. అప్పుడు మంచం మీదున్నది మీ అమ్మ. పక్కన కుర్చీలో కూర్చుని చెప్పడం తేలిక."

"నాకు మాత్రం తేలికనుకుంటున్నారా? కంచం ముందు మీరు కళ్లు మూసుకోవడం మానేశారు. నాన్న ప్రార్థన చెయ్యడేంటమ్మా అని చిన్నది అడుగుతోంది. నేనే చేస్తున్నాను. పప్పు మాడితే స్తోత్రం, కరెంటు పోతే స్తోత్రం. పొద్దున్నే తలుపు తీసి గుమ్మంలో మీ చెప్పులు కనబడితే స్తోత్రం. భక్తి ఎక్కువై కాదండి. ఆ మాట కూడా అనుకోకపోతే నాకు పిచ్చెక్కిపోతుంది. వింటున్నారా?"

"వింటున్నాను."

"మరి?"

"మన వరసలో మూడో ఇల్లు ఎవరిది?"

"అదేం ప్రశ్న?"

"ఎవరిది?"

"సూరయ్యది."

"నేను బతికేను, నేను బతికేను అని ఇక్కడ నేను చెప్తూ ఉంటే, అక్కడ గుమ్మంలో కూర్చుని అతని పెళ్లాం దుర్గాదేవి వినాలా? పాటలు వినాలా? పలావు వాసన చూడాలా?"

"మైకు పెట్టొద్దులెండి. తలుపులేసుకుని చేసుకుందాం."

"మైకు గురించా నేను మాట్లాడేది?"

"మరి దేని గురించండీ? ఆవిడ మీద అంత జాలి ఉన్న మనిషి ఒక్కసారైనా వెళ్లి పలకరించేరా? ఆ గుమ్మం ముందు నించి నడవాల్సొస్తుందని గట్టెక్కి చుట్టు తిరిగి బజారుకెళ్తున్నారు. ఊరంతా చూస్తోంది."

"వెళ్లి ఏవనను? నీ మొగుడి జాకెట్టు నా దగ్గరుందమ్మా అననా?"

"అలాక్కాదు..."

"ఆ పూట అతను పడవ కట్టేసుకున్నాడు. నీరు పెరుగుతోంది, ఇంక తోలనని అందరికీ చెప్పేశాడు. బళ్లో పిల్లల కోసం తల్లులు ఒక్కొక్కరే వస్తూంటే, ఆఖరి పిల్ల వెళ్లేదాకా నేను ఉండిపోయేను. ఇవతలొడ్డు వాళ్లలో మేష్టారొక్కరే లంకలో మిగిలిపోయేరని ఎవరో చెప్తే మళ్లీ విప్పుకొచ్చేడు. నా ఒక్కడి కోసం. ఇదీ చెప్పాలా సాక్ష్యంలో?"

"చెప్పండి. ఇదీ చెప్పండి."

"నీకర్థం కాదు."

"అర్థం కాకపోవడానికి ఏవుందండీ... ఉండండి, ఎవరో వచ్చేరు. ఎవరూ?"

"నేనేనండి లిడియమ్మగారూ. దుర్గాదేవినండి."

"రా దుర్గా. లోపలికి రా. ఏవండీ, ఎక్కడికి లేస్తున్నారు?"

"పొయ్యి చూసొస్తాను."

"పొయ్యి నేను చూసుకుంటాను. మీరు కూర్చోండి."

"అరటాకులు కోసుకొచ్చేనండి. సాయంత్రం భోజనాలకి కావాలి కదాండి. ఎక్కడ పెట్టమంటారు?"

"ఆకులా? నువ్వు తెచ్చేవా?"

"ఆయ్. మా దొడ్లోవేనండి. వరదకి చెట్లన్నీ ఒరిగిపోయేయి గానీ ఇవి మళ్లీ లేచేయండి. మధ్యలో చిరిగినవి తీసేసేను."

"దుర్గా, అదీ... ఇవాళ కూడిక... మేష్టారికి కొంచెం ఒంట్లో బాలేదు. అందుకని..."

"ఒంట్లో బానే ఉంది. అబద్ధం ఎందుకు లిడియా? కూడిక మానేశానమ్మా."

"అదే అడుగుదామనుకుంటన్నానండి. షామియానా సగం ఏసేరు, ఇప్పేస్తన్నారు. నా మూలానాండి?"

"నీ మూలాన ఎందుకవుతుంది?"

"నా మూలానేనంటండి. షామియానా ఆయన చెప్పేడు. మూడో ఇంటావిడ బాధపడుద్దని మేష్టారు వద్దన్నారంట. నేను బాధపడతానని మీకెవరు చెప్పేరండి?"

"ఎవరు చెప్పాలమ్మా? నీ ఇంట్లో అంత జరిగింది. నా ఇంట్లో పండగలాగ..."

"నా ఏడుపు మా ఆయన పోయినందుకండి. మీరు బతికేరని కాదు. ఈ రెండూ ఒకటేననుకుని అందరూ నన్ను చూసి మాటాపేస్తన్నారు. నేనొస్తే పడవ మాట ఎత్తరు, గోదారి మాట ఎత్తరు. ఆయన పేరు కూడా ఎత్తరండి."

"నేను బియ్యం పట్టుకుని వచ్చేను కదా దుర్గా."

"వచ్చేరండి. బియ్యం అరుగు మీద పెట్టేరు, కళ్లొత్తుకున్నారు, ఎళ్లిపోయేరు. మీరన్నా పేరెత్తుతారనుకున్నాను."

"ఏవనాలో తెలీలేదు."

"మేష్టారికీ తెలీలేదేమోనండి. ఇంటికి రాలేదు."

"వద్దామనే అనుకున్నానమ్మా. ప్రతి రోజూ అనుకున్నాను. నీకు మొహం చూపించలేక."

"మీ మొహం నాకెందుకండి? మాట కావాలి. మీ కూడికలో ఏం జరిగిందో అంతా చెప్తారంట కదాండి. సాక్ష్యం అంటారంట. ఆదివారం నించీ ఎదురు చూస్తన్నాను. పొద్దున్నే ఆకులు కోసేను. మీరేమో మానేశానంటన్నారు."

"నువ్వు వినగలవా అదంతా?"

"వినకుండా ఉండలేకపోతన్నానండి. చెప్పండి మేష్టారూ. షామియానా మళ్లీ ఎయ్యమనండి."

"మనం మనం కూర్చుని మాట్లాడుకుందాం దుర్గమ్మా. రేపు పొద్దున్న నేనే మీ ఇంటికొస్తాను. అందరి ముందూ ఎందుకు?"

"అందరి ముందేనండి."

"ఎందుకమ్మా అంత పట్టుదల?"

"ఊళ్లో ఏవంటన్నారో మీ చెవిన పడలేదాండి?"

"నేను రేవు వైపే వెళ్లడం లేదు. ఏవంటున్నారు?"

"పోనీలెండి."

"ఏవంటున్నారు? నీకు తెలుసా లిడియా?"

"ఎసరు ఇంకిపోతోందేమో, చూసొస్తాను."

"లిడియా."

"విన్నానండి. చేపల బజార్లో విన్నాను. మీకు చెప్తే ఇంకా కుంగిపోతారని ఊరుకున్నాను. నిజవో కాదో కూడా నాకు తెలీదు, మిమ్మల్ని అడుగుదామంటే ఆ పడవ మాటెత్తితేనే మీరు..."

"ఏం విన్నావు?"

"ఆవిడ ముందు అననా?"

"నేనే అంటానండి. మా ఆయన తాగి పడవ తోలేడంటండి. తాగి మేష్టారి ప్రాణం మీదకి తెచ్చేడంట. దేవుడి దయ వల్ల మేష్టారు బయటపడ్డారంట. ఇలాగ చెప్పుకుంటన్నారండి రేవులో."

"తాగేడా? ఎవడన్నాడా మాట? చుక్క ముట్టలేదు. దుంగ కొట్టుకొచ్చి తగిలింది. పడవ ఒరుగుతూంటే నాకు జాకెట్టు తొడిగి తాళ్లు ముడేశాడు. అతని మొహం నా మొహానికి ఇంత దగ్గర్లో ఉంది. చెయ్యి వణకలేదమ్మా అతనికి. నోట వాసన లేదు. ఎవడన్నాడు?"

"ఎవరని చెప్పనండి? మా అత్తగారు కూడా నమ్మేసింది. నేనూ... మీరు గట్టు చుట్టు తిరిగెళ్తంటే, నిజవేనేమో, నాతో అనలేక మేష్టారు తప్పించుకుంటన్నారేమో అనుకున్నానండి."

"కాదమ్మా. కాదు. ఒట్టు, కాదు."

"నాకు కాదండి, ఊరికి చెప్పండి. కాదని చెప్పడానికి బతికున్నది మీరొక్కరేనండి."