ముక్కు ఆపరేషన్‌కు ముందు

ప్రొద్దుటూరులో ముక్కు డాక్టరమ్మ ముందు కూర్చుని, పులివెందుల నుంచి వచ్చినామె మాస్కు తీసింది. ముక్కు ఒక పక్కకు వంగి ఉంది.

"ఎట్లయిందమ్మా?"

"బాత్రూములో జారిపడినా మేడం. ఊపిరి ఆడ్డంలా, నోటితోనే పీల్చుకుంటాండా. ఆపరేషన్ చేస్తే ముందు మాదిరి అయితాదా?"

"ఊపిరి బాగా ఆడుతుంది. రూపం మాత్రం అచ్చం అట్లే వస్తుందని మాటివ్వలేను. వాపు పూర్తిగా దిగడానికే ఏడాది పట్టొచ్చు."

"పట్టనీలే మేడం. రూపంతో నాకేం పని? నిద్రపోయి శానా దినాలాయ. కంటినిండా నిద్ర పడితే చాలు."

"అయితే వచ్చే వారమే చేద్దాం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. తర్వాత రెండు మూడు నెలలు ముక్కుకు దెబ్బ తగలకూడదు. తగిలితే చేసిందంతా వృథా."

"అన్ని దినాలా? అట్లయితే ఇప్పుడొద్దు మేడం. మా ఇంటాయన కువైట్ నుంచి సెలవు మీద వచ్చినాడు. ఆయప్ప మళ్లీ విమానం ఎక్కినాక వస్తా."

"ఆయన ఉన్నప్పుడే మంచిది కదమ్మా, తోడుంటాడు."

ఆమె మాస్కు మళ్లీ పెట్టుకుంది.

"ఆయప్ప ఇంట్లో ఉన్నన్ని దినాలూ నేను జారిపడతానే ఉంటా మేడం."