ఏడో సూచన

ఇండోనేషియాలోని యోగ్యకర్త ఊళ్ళో, రైల్వే స్టేషను వెనక సందులో, పర్యాటకులు దిగే ఎనిమిది గదుల బస. ముందు బల్ల దగ్గర కుర్చీ మూడు రోజులుగా ఖాళీ. అందులో కూర్చునే వసితో అనే పెద్దాయన వెనక గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఉన్నాడు. ఆయన దగ్గరికి చెల్లెలు ముర్తిని వచ్చింది; ఆయన పిలుపులో ఆమె తినీ. అసలు సంగతి ఎలా ఎత్తాలో తెలియక బస్సు సంగతి ఎత్తింది.

"...మూడో గదివాళ్ళు అడుగుతున్నారన్నయ్యా, బోరోబుదూర్ స్తూపానికి బస్సు ఎక్కడ దొరుకుతుందని. నాకేం తెలుసు?"

"జొంబొర్ బస్టాండులో. తొందరగా బయల్దేరమను. ఎండెక్కితే ఆ మెట్లు ఎక్కలేరు."

"నువ్వే వచ్చి చెప్పరాదూ?"

"చెప్పానుగా. నువ్వెళ్ళి చెప్పు."

"నేను చెబితే అంతే సంగతులు. నిన్న సోలో ఊరి రైలెక్కాల్సినాయన్ని సముద్రం బస్సెక్కించాను. సాయంత్రం బూట్లనిండా ఇసకతో తిరిగొచ్చాడు."

"కోప్పడ్డాడా?"

"లేదు. సూర్యాస్తమయం బాగుందన్నాడు."

"మరింకేం. నేను లేకపోయినా నడుస్తోంది."

"అదీ ఒక నడవడమా! ...మంచం మీద ఆ సంచేంటి?"

"బట్టలు."

"ఎవరివి?"

"ఈ గదిలో ఎంతమందున్నారు తినీ?"

"సెమరాంగా? నీ కూతురి దగ్గరికా?"

"రేపు పొద్దున బస్సు. ఎన్నాళ్ళనుంచో రమ్మంటోంది."

"తను రమ్మందా, నువ్వు రానా అని అడిగావా?"

"ఏదైతేనేం."

"ఆ డెన్మార్కు పిల్ల చేసిన పనికేగా ఇదంతా!"

"ఆ పిల్లనేం అనకు. మంచిది."

"నువ్వు గది తాళంచెవి ఇస్తుంటే చెయ్యి వెనక్కి లాక్కుంది. మంచిదట!"

"బల్ల వెనక గోడకి కాగితం అంటించింది మనం. అతిథులకు సూచనలు అని. చదువుకుంది పాపం. నువ్వు గోడ మీంచి పీక్కొచ్చింది అదేగా, ఏడోది చదువు."

"కళ్ళజోడు లేదు."

"నీ మెడలో వేలాడుతోంది."

"...ఆరు. గుళ్ళోకి వెళ్ళేటప్పుడు భుజాలూ మోకాళ్ళూ కప్పుకోండి. ఎనిమిది. కుళాయి నీళ్ళు తాగ..."

"ఏడు, తినీ."

"...ఏడు. ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు గానీ తీసుకునేటప్పుడు గానీ ఎడమ చెయ్యి వాడకండి. మా దగ్గర అది ఎదుటి మనిషిని అవమానించడం."

"ఆ. పైన అది. దాని కింద నేను, ఎడంచేత్తో తాళంచెవి పట్టుకుని. ఆ పిల్ల ఏమనుకోవాలి? 'మేమేమైనా తప్పు చేశామా' అని అడిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి తినీ దానికి."

"'ఎడమ చెయ్యి, మన్నించండి' అని అందరితో అంటావుగా. ఆ రోజు అనలేదా?"

"అన్నాను, మన మాటలో. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయాక ఇంగ్లీషు కూడా నాలిక మీద సగమే తిరుగుతోంది. అయినా రోజుకెన్నిసార్లు అనను? కూరలావిడతో, ఉత్తరాలాయనతో, పక్కింటి మూడేళ్ళ బుడ్డదానితో కూడా. రెండేళ్ళుగా నా నోట ముందు వచ్చే మాట అదే."

"నేను సర్దిచెప్పానుగా ఆ పిల్లకి."

"విన్నాను."

"ఏం విన్నావ్?"

"'ఏమనుకోకమ్మా, ఆయనకి ఒంట్లో సరిగ్గా లేదు, ఇకమీదట తాళాలు నేనే ఇస్తాను' అన్నావు. నవ్వుతూ అన్నావు."

"అది నవ్వు కాదన్నయ్యా. ఏం చెయ్యాలో తోచకపోతే నా మొహం అలా అయిపోతుంది, నీకు తెలీదూ? నీ ఎదురుగానే అనేశాను. అప్పట్నుంచీ నీకు కాఫీ కూడా తలుపు బయటే పెట్టి పోతున్నాను, నీ కళ్ళలోకి చూళ్ళేక. ఉండు, ఈ కాగితం చింపేస్తాను."

"చింపకు! అందులో అబద్ధం ముక్క లేదు. రాయించింది నేను. పదకొండేళ్ళ కిందట నీ కూతురు రత్రి కంప్యూటర్లో కొడుతుంటే పక్కన నుంచుని చెప్పాను. మిగతావన్నీ దాని ఇష్టానికి వదిలేశాను. ఏడోది మాత్రం లావు అక్షరాల్లో పెట్టమన్నాను."

"ప్రతి బసలోనూ ఉండేదేగా అది."

"వాళ్ళు మామూలు అక్షరాల్లో పెడతారు. నేనెందుకు లావుగా పెట్టించానో నీకు తెలుసు."

"తెలీదు."

"తెలుసు."

"అన్నయ్యా, మూడో గదివాళ్ళకి బస్సు..."

"పోనీ బస్సు. అమ్మ పోయిన ఏడాది. నీకు ఆరు, నాకు పదహారు. నువ్వు ఎడంచేత్తో అన్నం తింటుంటే వీధివీధంతా నన్నే అన్నారు, వీడికి పెంచడం చేతకాదని. అమ్మ నిన్ను చంకనేసుకునే గుడ్డ ఉండేది చూడు, దాంతోనే నీ ఎడం చెయ్యి నడుముకి కట్టేశాను. ఎన్నాళ్ళు?"

"గుర్తులేదు."

"ఏడాది చివరి పరీక్షలదాకా. నువ్వు ఏడవలేదు. 'దురద పెడుతోంది అన్నయ్యా, గోకవా' అనేదానివి. గోకేవాణ్ణి. కట్టు మాత్రం విప్పేవాణ్ణి కాదు."

"ఎందుకిప్పుడవన్నీ? నా మంచికేగా."

"నేనూ అలాగే చెప్పుకున్నాను, యాభై మూడేళ్ళు. ఇప్పుడు నువ్వు అన్నం కలిపి, నా ఎడం చేతికి చెంచా అందిస్తావే... ఒక్కసారి దెప్పి ఉంటే బాగుండేది. దెప్పవు. తల దించుకుని కూర తేవడానికి పోతావు. అందుకే వెళ్తున్నాను. ఆ పిల్ల వల్ల కాదు."

"వెళ్ళి? అల్లుడింట్లో ఏ బస్సు ఎక్కడాగుతుందని నిన్నెవరడుగుతారు? బస్టాండుదాకా నేను రాను, ముందే చెబుతున్నా. అమ్మని ఎక్కించాం, ఏమైంది?"

"అమ్మ వెళ్ళింది ఆస్పత్రికి. నేను వెళ్ళేది సెమరాంగ్."

"నాకు బస్సు బస్సే. ఉండిపో అన్నయ్యా. ఆ కుర్చీలో కూర్చో, చాలు. ఏడోది మార్చేద్దాం. 'ఈ బల్ల దగ్గరాయన ఎడంచేత్తో ఇస్తారు, అది ఆయన మర్యాదే' అని. నీ చేత్తో నువ్వే రాయి, అప్పుడు ఎవరూ ఏమీ అనుకోరు."

"రాయడమా! సంతకమే రాక బ్యాంకులో వేలిముద్ర వేయించారు. అరవై తొమ్మిదేళ్ళవాడికి ఎడంచేత్తో రాయడం ఎవరు నేర్పుతారు?"

"నేను."

"నువ్వా? కాగితం ఏ పక్కకి వంచాలో కూడా నీకు తెలీదు."

"కుడిపక్కకి. లేకపోతే సిరా అంతా చేతికంటుకుంటుంది."

"...నీకెలా తెలుసు?"

"నువ్వు కట్టు విప్పిన మర్నాటి నుంచే, నువ్వు ఇంట్లో లేనప్పుడల్లా ఎడంచేత్తోనే రాసుకుంటున్నానన్నయ్యా."