గొట్టానికి కాపలా

డయాలసిస్ గదిలో, కుట్టుపని చేసుకునే పెద్దావిడ మంచం దగ్గరికి పెద్ద డాక్టరు వచ్చాడు.

"ఆగండి బాబూ! చేతులు కడుక్కోలేదు."

"ఇప్పుడేగా కడుక్కున్నానమ్మా."

"కడుక్కున్నాక ఫోన్ పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన కళ్ళివి."

"అమ్మా, ఇక్కడ పెద్ద డాక్టర్ని నేను."

"క్రిములకి చిన్నా పెద్దా ఏం తెలుసు? మొదటి నెల్లో ఈ మెడ గొట్టంలోంచే రక్తంలోకి దూరాయి. చావు తప్పి కన్ను లొట్టపోయింది నాకు."

"సరే తల్లీ, ఇదిగో, కడుక్కొచ్చాను. మాస్కు కూడా పెట్టుకున్నాను."

"ఇప్పుడు తియ్యండి దాని మూత."

"మూత కాదమ్మా, గొట్టమే తీసేస్తున్నాను. రెండు వారాలుగా చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులాతోనే డయాలసిస్ సాఫీగా జరుగుతోంది. ఇక దీంతో పని లేదు."

"నిజంగానా?"

"నిజంగానే. ఏడు నెలలుగా మళ్ళీ జ్వరం మీ గడప తొక్కలేదు. అంతా మీ నోటి చలవే."

"అయితే గొట్టం తడుస్తుందన్న భయం లేకుండా తలారా స్నానం చెయ్యొచ్చా?"

"గాయం మాననివ్వండి, బిందెలకు బిందెలు పోసుకుందురుగాని. అదేంటి, ఏడుస్తున్నారా?"

"నా ఏడుపు సంగతి తర్వాత. ముందు మీరాగండి."

"మళ్ళీ ఏమైందమ్మా?"

"మాటల్లో పడి కళ్ళజోడు సర్దుకున్నారు. వెళ్ళి కడుక్కురండి."