అన్ని గదుల్లోనూ చరిత్రే

2011. తెలంగాణ బంద్ రోజు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటర్ కాలేజీ. షట్టర్ పూర్తిగా దించి ఉంది. లోపల, ప్రిన్సిపాల్ గదిలో ఆయన, చరిత్ర లెక్చరర్.

"అది కాదు పౌలు గారూ, చరిత్ర మీద నాకేం కోపం? మా తాతయ్య రోజూ భారతం చదివేవాడు."

"భారతం చరిత్ర గాదు గంగాధరరావు సార్."

"ఏదైతే ఏంటండీ, పాత సంగతులేగా! నాకు గౌరవమే. కానీ ఎనిమిది మంది! మీ హెచ్ఈసీ గ్రూపు మొత్తం కలిపి ఎనిమిది మంది! అదే గదిలో ఎంపీసీ వాళ్లయితే ఎనభై మంది పడతారు."

"పట్టరు సార్. బెంచీకి నలుగురి కంటే..."

"ఆరుగురిని వేస్తాం. ఎంసెట్ పిల్లలు సర్దుకుంటారు, వాళ్లకి అలవాటే."

"సెకండియర్ సగం అయిపోయింది. గిప్పుడు గ్రూపు ఎత్తేస్తే నా పిల్లలు ఏడికి పోవాలె?"

"రేపే టీసీలు ఇచ్చేద్దాం. ఎక్కడో అక్కడ చేరతారు. చరిత్ర ఎక్కడ చదివినా మారదుగా!"

"మరి నేను?"

"మిమ్మల్ని వదులుకుంటామా! హాస్టల్ వార్డెన్‌గా వేస్తున్నాను. తెల్లారుజామునే పిల్లల్ని లేపాలి, అంతే. చరిత్ర చెప్పేవాళ్లకి ఓపిక ఎక్కువ కదా."

"సార్, మా ఊర్లె ఎమ్మే చదివిన మొదటోణ్ణి నేను. పాఠం చెప్పేటందుకు చదివిన, పిల్లలను నిద్ర లేపేటందుకు కాదు."

"పాఠం చెబితే నిద్రపోతున్నారు కదండీ, వార్డెన్‌గా లేపితే మంచిదేగా! ఊరికే అన్నాన్లెండి. మొహం అలా పెట్టకండి."

"గా జోస్నా అనే పిల్ల ఉన్నది సార్. ఇయ్యాల బస్సుల్లేకపోతే హయత్‌నగర్ నుంచి నడిచొచ్చింది. చరిత్ర కోసం."

"నడిచొచ్చిందా! యూనిఫాంలో కాదు కదా?"

"సార్..."

"బంద్ రోజు మామూలు బట్టల్లో రావాలి, వెనక సందులోంచి రావాలి, పుస్తకాలు కూరగాయల సంచిలో తేవాలి. మెసేజ్ పెట్టించాను కదా."

"కూరగాయల సంచిలనే తెచ్చింది."

"బంగారు తల్లి. కానీ ఒక్క పిల్ల కోసం..."

"జై తెలంగాణ! జై జై తెలంగాణ!"

"వచ్చేశారు! పౌలు గారూ, బంద్ వాళ్లు వచ్చేశారు! పైన ఫ్యాన్లు ఆపమనండి! లెక్కల మాస్టార్ని నోరు మూసుకోమనండి!"

"పరేషాన్ గాకున్రి సార్. ఆ ముందున్న గొంతు సుమన్‌ది. నా దగ్గర చదివినోడే."

"చదివాడా, తప్పాడా?"

"ఫస్ట్ క్లాస్."

"హమ్మయ్య. మీరే వెళ్లి మాట్లాడండి. నేను నోరు విప్పితే మాది గుడివాడ అని తెలిసిపోతుంది. వెళ్లండి, వెళ్లండి బాబూ!"

"ఎవర్రా లోపట? షట్టర్ లేపున్రి!"

"సుమన్, నేనే. జర ఆగు, కొట్టకు."

"పౌలు సార్! నమస్తే సార్. మీరు గీడ? బంద్ రోజు క్లాసులా? అరవై తొమ్మిది ఉద్యమం చెప్పుకుంట మా ముంగట కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నరు గద సార్. మీరే గిట్ల చేస్తే ఎట్ల?"

"క్లాసంటే... చరిత్ర క్లాసే సుమన్."

"చరిత్రనా?"

"అవ్. గా అరవై తొమ్మిదే. గీ పాఠం ఇయ్యాల చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్పాలె?"

"గదీ నిజమే. మరి పైన గా చప్పుడేంది సార్? మస్తు మంది ఉన్నట్టున్నరు."

"పైననా? పైన..."

"మీరు చెప్తే నమ్ముతా సార్. మీరెన్నడు మాకు అబద్ధం చెప్పలే."

"పైన గూడ చరిత్రే."

"అన్ని రూములల్ల?"

"అన్ని రూములల్ల."

"అగో! ఎంసెట్ తప్ప ఇంకో మాట ఇనవడని దిల్‌సుఖ్‌నగర్‌ల గింతమంది మన చరిత్ర చదువుతున్నరా? ఒరే, విన్నర్రా! సార్, ఒట్టు, నాకు ఏడుపొస్తుంది."

"ఊకో బిడ్డా."

"అందరికి చెప్త సార్. చరిత్ర నడిచే కాలేజీ జోలికి ఎవ్వరు రారు. బంద్ రోజు గూడ నడుపుకోన్రి. లెక్కలు, ఫిజిక్స్ కనవడితే మాత్రం ఊకోం. పోయొస్త సార్. జై తెలంగాణ!"

"జై తెలంగాణ సుమన్. పైలంగ పో బిడ్డా."

"పోయారా?"

"పోయిన్రు. బల్ల కింది నుంచి లేవున్రి సార్."

"పెన్ను పడితే వంగానండీ. పౌలు గారూ! ఏం మాటన్నారండీ! పైన కూడా చరిత్రే! అబ్బబ్బా!"

"గా పోరనికి అబద్ధం చెప్పిన సార్. వాడు ఖుషీ అయితుంటే నాకు సిగ్గయింది. ఆదివారం చర్చిల ఏ మొఖం పెట్టుకొని కూసోవాలె?"

"ఆదివారం సంగతి ఆదివారం చూద్దాం. ఈ బంద్‌లతో సిలబస్ కదలక చస్తున్నాను నేను. మందు ఇంట్లోనే పెట్టుకుని తెలుసుకోలేకపోయాను. ముందు చార్టులు తెప్పించండి."

"చార్టులెందుకు?"

"ప్రతి గది తలుపుకీ ఒకటి. ఫిజిక్స్‌కి 'ప్రాచీన చరిత్ర', కెమిస్ట్రీకి 'మధ్యయుగ చరిత్ర'..."

"మరి లెక్కలకు?"

"ఆధునిక చరిత్ర. పుస్తకాలకి మీ సబ్జెక్టు అట్టలు వేయిద్దాం. ఎల్బీనగర్ బ్రాంచిలో కూడా ఇదే పద్ధతి. మీరొకసారి వెళ్లి అక్కడి వాళ్లకి నేర్పించి రావాలి."

"సార్, గవన్ని తర్వాత. మా గ్రూపు ఉంటదా, పోతదా?"

"పోవడమా! ఎవడండీ ఎత్తేసేది? చరిత్ర లేని కాలేజీ ఒక కాలేజీయేనా? వచ్చే ఏడు కరపత్రంలో మీ ఫోటో వేస్తున్నాను."

"వార్డెన్ డ్యూటీ?"

"ఇంకొకళ్లని చూస్తాను. ఇవాళ్టి నుంచి మీరు చరిత్ర శాఖకి హెడ్డు."

"శాఖల నేనొక్కణ్ణే గద సార్."

"అందుకే ఎవరూ అడ్డం రారు."

"సార్, లోపటికి రావాల్నా?"

"రా జోస్నా, రా! మన గ్రూపు నిలబడ్డది బిడ్డా!"

"నిలబడ్డది మేం సార్. వరండాల. మా రూముల ఎంపీసీ వాళ్లు కూసున్నరు. లెక్కల సారు ఒచ్చి మీరు రాసిందంత తుడిచేసిండు."

"గదేంది సార్?"

"నేనే చెప్పానండీ పొద్దున. పై గదుల కిటికీలు రోడ్డు వైపు. మీ గది వెనక సందు వైపు ఉంది, చప్పుడు బయటికి రాదు."

"మరి మేం ఏడ కూసోవాలె సార్?"

"కూర్చోవడం ఎందుకమ్మా? అన్ని గదుల మీదా మీ పేరే పెడుతున్నాం! మీరు ఎనిమిది మందీ షట్టర్ దగ్గర నిలబడండి. ఎవరైనా వచ్చి అడిగారనుకో, పెద్దమనుషుల ఒప్పందం, ముల్కీ నిబంధనలు, టకటకా అప్పజెప్పెయ్యాలి. గట్టిగా చెప్పాలి, లెక్కల క్లాసు వినపడకుండా."

"మరి మా పాఠం?"

"బంద్ లేని రోజు చెప్పించుకోండి."

"బంద్ లేని రోజు మాతోని మీకేం పని సార్? గ్రూపు ఎత్తేస్తరు గద."

"చూశారా పౌలు గారూ, ఎంత తెలివో! ఎంపీసీలో ఉండాల్సిన పిల్ల."

"సార్, గా పిల్ల అడిగింది జర సాఫ్‌గ చెప్పున్రి. రేపు తెలంగాణ ఒచ్చిందనుకోన్రి."

"వస్తే బంద్‌లు ఉండవు."

"బంద్‌లు లేకుంటే?"

"చార్టులు పీకేస్తాం. అప్పుడు వార్డెన్ ఉద్యోగం ఉంది కదండీ మీకు, ఎక్కడికీ పోదు. అయినా అంత తొందరగా ఇస్తారా ఏంటి, మీరు మరీను! ఉండండి, పైకెళ్లి ఫ్యాన్లు వేయించి వస్తాను."

"సార్, గంగాధరరావు సార్ పోయిండు. ఒక మాట అడుగుత."

"అడుగు జోస్నా."

"రోజు క్లాసు అయిపోంగనే మాతోని జై తెలంగాణ అనిపిస్తరు గద. తెలంగాణ ఒస్తే మన గ్రూపు పోతదంట. ఇప్పుడు మేం ఏమనుకోవాలె? రాష్ట్రం రావాల్నా, వద్దా?"

"ఛీ, గదేం మాట బిడ్డా! రావాలె. ఎంతమంది పోరగాండ్లు పాణాలిచ్చిన్రు! ఖాయంగ రావాలె, ఒస్తది."

"ఊఁ."

"గానీ... మార్చిల మీ పరీక్షలు అయినంక ఒస్తే మంచిగుంటది."