ఫ్యానుకు వేలాడి గెలిచిన కోళ్ల కేసు

"నువ్వు కంగారుపడకు రఫీ. అసలు కోళ్ల చట్టం పుట్టిందే నా చేతుల్లో," అన్నాడు బసవపున్నయ్య బాబాయ్, టీ గ్లాసు అందుకుంటూ.

గవర్నర్‌పేటలో మా లాడ్జి పక్క సందులో ఉంది ఖుర్షీదా అక్క టీ కొట్టు. నేను లాడ్జి కౌంటర్లో కూర్చుంటాను కాబట్టి సాయంత్రం టీకి అక్కడికే పోతాను. రఫీ హోటళ్లకి నాటుకోళ్లు వేస్తాడు. ఆ ఉదయం ఏలూరు రోడ్డులో కానిస్టేబుల్ అతన్ని ఆపాడు. మోపెడ్ హ్యాండిల్‌కీ, వెనక క్యారియర్‌కీ కాళ్లు కట్టి కోళ్లను తలకిందులుగా వేలాడదీసుకొస్తున్నాడు మరి. ఊళ్లో అందరూ చేసేదే, ఇన్నాళ్లూ ఎవరూ ఆపిందీ లేదు. జంతువుల్ని హింసించకూడదనే చట్టం కింద కేసు రాసి, బండి స్టేషన్లో పెట్టుకున్నారు. మర్నాడు కోర్టుకి రమ్మన్నారు. బండి చేతికి రాకపోతే హోటళ్లవాళ్లు ఇంకొకణ్ణి చూసుకుంటారు. తప్పు ఒప్పుకోవాలో, వాదించాలో తేల్చుకోలేక, కోళ్లు పెట్టడానికని మధ్యాహ్నం కొన్న కొత్త గంప పక్కన పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు.

బసవపున్నయ్య బాబాయ్ ఎరువుల కొట్లో గుమాస్తా పని చేసి మానేశాడు. ఊళ్లో ఏ గొడవ తీరినా తనే తీర్చానంటాడు. "ఇంటికి అల్లుడొచ్చాడు, ఒక్క టీ తాగి పోతా," అంటూ స్కూటర్ కొట్టు వెనక పెట్టి వచ్చిన మనిషి, రఫీ సంగతి వినగానే బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఇక ఇప్పట్లో లేవడని మాకు తెలిసిపోయింది.

"గంప కొన్నావుగా," అంది ఖుర్షీదా అక్క రఫీతో. "తప్పయింది, ఇకమీదట ఇందులోనే తెస్తానని చెప్పు. చాలు."

"ఒప్పుకోవడం ఏంటమ్మా, నేనుండగా," అని బాబాయ్ మొదలుపెట్టాడు.

"కొండపల్లి నుంచి బస్సులో వస్తున్నాను. నా ముందు సీట్లో ఒకాయన కోడిపెట్టని కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు. ఏవయ్యా, దాన్ని కాస్త నిటారుగా పట్టుకోరాదా అన్నాను. పట్టుకున్నాడు. నేను చేసిందల్లా అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కోడి థాంక్స్ చెప్పింది," అన్నాను.

"చెప్పలేదు. వాటికి అంత మర్యాద తెలీదు. నా వంక ఒకసారి చూసింది. చూసి ఊరుకుందా, వాళ్లవాళ్లందరికీ చెప్పేసింది. మర్నాడు గొల్లపూడి దగ్గర నా స్కూటర్‌కి అడ్డంగా కోళ్లు, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, వెనకాల లారీలన్నీ ఆగిపోయి డ్రైవర్లు దిగి టిఫిన్లు కూడా చేసేశారు. నేను బండి దిగి, ఏంటమ్మా మీ బాధ అన్నాను. అన్నీ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టాయి. అట్లా కాదు, మీలో పెద్దవాళ్లెవరో ఒకరు ముందుకు రండి అన్నాను. ఒక ముసలి పుంజు వచ్చింది. కేసు వేద్దాం పున్నయ్య గారూ అంది."

"తెలుగులోనే అందా?" అన్నాడు రఫీ. నవ్వులాటకి కాదు, పాపం నిజంగానే అడిగాడు.

"కృష్ణా జిల్లా కోడి తెలుగులో కాక ఎందులో అంటుందిరా. సరే, కేసు వేశాం. వకీళ్లని పెట్టుకుంటే వాళ్లు ప్రతిదానికీ వాయిదా అడుగుతున్నారు. లాభం లేదని నేనే లేచాను. జడ్జి గారు మంచాయనే. తలకిందులుగా పట్టుకుంటే కోడికి బాధని ఏంటయ్యా రుజువు, అది అరవనైనా అరవడం లేదుగా అన్నారు. అక్కడ దొరికారు నాకు. అయ్యా, కోడిని నిటారుగా నిలబెట్టండి, ఊరంతా వినబడేట్టు అరుస్తుంది. తలకిందులు చెయ్యండి, నోరు మూసుకుంటుంది. అది హాయిగా ఉండి కాదండయ్యా, ఊపిరాడక. అరవని కోడే బాధలో ఉన్న కోడి అన్నాను. జడ్జి గారు కలం పక్కన పెట్టేశారు."

ఆ మాట మాకూ సబబుగానే తోచింది. బాబాయ్ నోటి నుంచి అప్పుడప్పుడూ ఇట్లాంటిదొకటి వస్తుంది. అక్కడితో ఆగడు, అదే చిక్కు.

"అయినా ఆయనకి నమ్మకం కుదరలేదు. అయితే నన్నే వేలాడదీయండి అన్నాను. బంట్రోతు నిచ్చెన తెచ్చి నా రెండు కాళ్లూ సీలింగు ఫ్యానుకి కట్టాడు. అక్కణ్ణుంచే వాదించాను, పొద్దున మొదలుపెట్టి భోజనాల దాకా. ఉక్కగా ఉందని ఎవరో స్విచ్ వేశారు. నాకదీ మంచిదే అయింది, ఫ్యాను తిరుగుతుంటే నా వాదన హాల్లో నాలుగు వైపులకీ సమానంగా అందింది. జేబులో కళ్లజోడు కింద పడలేదు. పంచె కూడా జారలేదు."

"అది మాత్రం దేవుడి దయ," అంది ఖుర్షీదా అక్క.

"తీర్పేంటో తెలుసా? కోడిని తలకిందులుగా వేలాడదీసినవాణ్ణి, అది ఎంతసేపు వేలాడిందో అంతసేపు, అట్లాగే ఫ్యానుకి వేలాడదీయాలి. ఎవరైనా సరే, మినహాయింపు లేదు. ఆర్టీసీ బస్సులో కోళ్లకి అర టిక్కెట్టు, కిటికీ సీటు. పుంజయితే డ్రైవర్ పక్కన, ఆయన నిద్రపోకుండా."

"ఈ ఫ్యాను సంగతి నాకు కానిస్టేబుల్ చెప్పలేదే," అన్నాడు రఫీ.

"వాళ్లు అన్నీ చెబుతారా ఏంటి. ఇంకో టీ ఇవ్వమ్మా. ఆ తీర్పు ఢిల్లీ దాకా పోయింది. దేశమంతటికీ ఇదే పెడదాం, పున్నయ్య గారిని పంపించండి అన్నారు. గన్నవరంలో విమానం ఎక్కాను. చూద్దును గదా, నన్ను సాగనంపడానికి పామర్రు నుంచి, గుడివాడ నుంచి, ఉయ్యూరు నుంచి కోళ్లు వచ్చి రన్‌వే మీద కూర్చున్నాయి. ఇంతలో పైలట్ వచ్చి ఇంజను పనిచేయడం లేదండీ, దిగండి అన్నాడు. ఆ తర్వాత ఏం జరిగుంటుంది, చెప్పండి చూద్దాం."

రఫీ బల్ల అంచుకి జరిగాడు.

"కోళ్లు విమానం రెక్కల కింద దూరాయి. ఈ పక్క పుంజులు, ఆ పక్క పెట్టలు. ఒక్కసారి రెక్కలు కొట్టేసరికి విమానం లేచింది."

"కోడి అంత ఎత్తు ఎగరలేదు కదా బాబాయ్," అన్నాను.

"ఎగరలేదు. నేను లేనిపోనివి చెప్పే మనిషిని కాదు. అందుకే కాస్త కిందనుంచే పోయాం. నాగపూర్ దగ్గర కరెంటు తీగలు అడ్డమొస్తే, కింద పొలాల్లో వాళ్లని కర్రలతో కాస్త ఎత్తి పట్టుకోమన్నాను. మధ్యలో ఒక చెరువు గట్టున ఆపి గింజలు వేయించాను. ఢిల్లీలో పెద్దలందరూ లేచి నిలబడ్డారు. చట్టం నేను చెబుతుంటే వాళ్లు రాసుకున్నారు, కింద సంతకం మన ముసలి పుంజు చేసింది. రేపు నేను కోర్టులో కాలు పెట్టగానే చూడు, నీ బండి వాళ్లే తోలుకొచ్చి నీ ఇంటి ముందు పెడతారు."

రఫీ ముఖంలో పొద్దుటి నుంచి లేని వెలుగు వచ్చింది. మునిగిపోయేవాడికి ఏది దొరికినా పట్టుకోవాలనే ఉంటుంది. "అయితే నేను ఒప్పుకోను బాబాయ్. మీరే వచ్చి వాదించండి," అన్నాడు. నాకు భయం వేసింది. ఈయన అక్కడ లేచి ఫ్యాను కథ మొదలెడితే రఫీ బండి ఈ ఏడాది బయటికి రాదు.

ఖుర్షీదా అక్క టీ పిప్పి పారబోయడానికి కొట్టు వెనక్కి వెళ్లింది. వెళ్లినావిడ వెంటనే రాలేదు. వచ్చాక చేతులు కొంగుకి తుడుచుకుని, పాలు పొయ్యి మీద పెట్టి, మామూలుగా అడిగినట్టే అంది.

"బాబాయ్ గారూ, మా కొట్లో ఫ్యాను లేదండి."

"ఫ్యాను ఎందుకమ్మా, గాలి బాగానే ఉందిగా."

"గాలికి కాదండి, తీర్పుకి. మీ స్కూటర్ హ్యాండిల్‌కి ఒక పుంజూ, ఒక పెట్టా తలకిందులుగా వేలాడుతున్నాయి. మీరు ఢిల్లీ వెళ్లొచ్చినంతసేపూ అట్లాగే ఉన్నాయి. ఇప్పుడు మిమ్మల్ని ఎక్కడ కట్టమంటారు?"

బాబాయ్ కొట్టు వెనక్కి తల తిప్పి చూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. మళ్లీ తీశాడు. అందులో ఏమీ లేదు.

"అల్లుడికమ్మా," అన్నాడు చివరికి. "బజార్లో కొన్నాను, తగిలించాను. చెయ్యి దానంతట అదే తగిలించేసింది."

"నా చెయ్యీ అంతే బాబాయ్," అన్నాడు రఫీ.

అతను లేచి గంప తీసుకుని వెనక్కి వెళ్లాడు. మేమూ వెళ్లాం. కోళ్లు రెండూ కళ్లు సగం మూసుకుని, ముక్కులు తెరిచి, చప్పుడు లేకుండా ఉన్నాయి. అన్ని ఊళ్ల కోళ్ల గోలా విన్న మనిషికి ఈ రెండింటి ఊసే లేకపోయింది. నాకు బాబాయ్ మీద కోపం వచ్చింది, ఆయన ముఖం చూశాక అదీ నిలవలేదు. రఫీ తాడు విప్పి ఒక్కోదాన్ని పొట్ట కింద చెయ్యి వేసి గంపలో పెట్టాడు. పెట్ట ముందు కూలబడింది. పుంజు మెడ వాల్చి కాసేపు అట్లాగే ఉండి, మెల్లగా కాళ్ల మీద నిలబడి, సందంతా వినబడేట్టు అరిచింది.

రఫీ దాని అరుపు అయ్యేదాకా విన్నాడు.

"ఇందాక మీరన్న ఆ ఒక్క మాట నిజం బాబాయ్. అరవని కోడే బాధలో ఉన్న కోడి. రేపు నా తప్పు ఒప్పుకుని, ఆ మాట నేనే చెప్పుకుంటాను," అని గంప ఎత్తి స్కూటర్ మీద సర్దాడు. "పొద్దున్నే గంప తెచ్చివ్వండి, కోర్టులో చూపించాలి. మీరు మాత్రం రాకండి."