సగటులో కలవని మూడో సమస్య

అధ్యక్షత వహిస్తున్న మా శాఖాధిపతి గారికి, ముందు వరుసలోని పెద్దలకు, చోటు లేక వెనక గోడకు ఆనుకున్న నా విద్యార్థులకు నమస్కారం.

నేను స్వచ్ఛందంగా ఉద్యోగం విరమిస్తున్నానని సారు ఇప్పుడే సెలవిచ్చారు. అందులో స్వచ్ఛందమెంతో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, టీ అందిస్తూ మా గొడవంతా విన్న అక్కకూ తెలుసు. (నవ్వులు)

మా పని తెలియని చుట్టాలు ఉన్నారు కనుక చెబుతాను. ఒక సమస్యకు బోలెడు జవాబులు పుట్టించి, మంచివాటిని ఒకదానితో ఒకటి కలిపి, పనికిరానివి వదిలేస్తూ, తరం తర్వాత తరం మెరుగుపరచడం మా విద్య. బస్సుల వేళలు, గోదాముల సర్దుబాటు, అంబులెన్సులు ఎక్కడెక్కడ ఆగి ఉండాలన్నది, ఈ మూడింటినీ ఒకే ప్రోగ్రాములో వేసి, ఒకదాని జవాబు ఇంకొకదానికి అరువిస్తూ సాధించాం. కంప్యూటరు లెక్కలో బస్సులు బాగుపడ్డాయి, గోదాములూ బాగుపడ్డాయి. అంబులెన్సులు మాత్రం విడిగా లెక్కగట్టినప్పటికన్నా ఆలస్యంగా చేరుతున్నాయి. బస్సులకు అచ్చొచ్చిన జవాబే వాటిని చెడగొట్టింది.

"మూడింటి సగటు పెరిగింది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు సారు. పిల్లలు చాటుగా ఆయన్ని సగటు సారు అంటారు. (నవ్వులు) క్షమించాలి సారూ, మీరొక్కరే నవ్వలేదు.

"అంబులెన్సులో పడుకున్నవాళ్లు సగటున బతకరు సార్. దాన్ని విడదీద్దాం" అన్నాను.

"మూడూ కలిపి సాధించామన్నదే మన గొప్ప. విడదీస్తే ఏం మిగిలింది? నీకన్నీ అనుమానాలే!"

నిజమే, అనుమానం నా జబ్బు. అదిగో, మావారు తల ఊపుతున్నారు. ఏ సమస్య దేనికి సాయపడుతుందో, అరువు ఎప్పుడు ఆపాలో ముందే చెప్పే దారి నాకు తెలియదు. ఈ గదిలో ఎవరికీ తెలియదు. ఆ తెలియదన్న మాటే నగరానికిచ్చే నివేదికలో రాద్దామన్నాను. ఫలితాల్లోంచి అంబులెన్సుల వరసే ఎత్తేశారు. ప్రోగ్రాములో మాత్రం ఉంచారు. వచ్చే నెల నుంచి నగరం దాన్నే వాడుతుంది. నేను సంతకం పెట్టలేదు. అందుకే ఈ వీడ్కోలు సభ.



ఇందాక నన్ను పొగిడినవాళ్లంతా ఆ నివేదిక మీద సంతకాలు చేసినవాళ్లే, ఎత్తేసిన ఆ ఫలితాలు నా పక్కన కూర్చుని చూసినవాళ్లే. మిమ్మల్ని ద్వేషించడం నాకు చేతకావడం లేదు. మీ పొగడ్త మాత్రం గొంతు దిగడం లేదు.

కిటికీ దగ్గరున్న అమ్మాయీ, తల దించుకోకు. నా ఖాళీలోకి నువ్వే వస్తున్నావని విన్నాను. నీ ముందుకీ సంతకానికి ఆ కాగితం వస్తుంది. అంబులెన్సుల లెక్క ఒక్కసారి విడిగా నడిపి చూడు, ఆ తర్వాత నీ ఇష్టం. మాది ఇంకో జీతం వచ్చే ఇల్లు కనుక నేను కాదనగలిగాను; నువ్వు కాదనలేకపోతే నిన్ను తప్పుపట్టను. చూడకుండా సంతకం పెడితే మాత్రం తప్పుపడతాను.

ఓపిగ్గా విన్నందుకు, ఇంతసేపూ మైకు కట్టేయనందుకు కృతజ్ఞతలు. సెలవు.