తలకిందులైన స్క్రీన్

మీటింగుకి పది నిమిషాలుందనగా అతను పక్క సీటులోని ఆమె వైపు కంగారుగా తిరిగాడు.

"అక్కా, రిపోర్టు పూర్తి చేద్దామంటే నా కంప్యూటర్లో కాపీ లేదు, పేస్ట్ లేదు. ఏ రెండు మీటలు కలిపి నొక్కినా ఉలకదు, పలకదు!"

"షార్ట్‌కట్లన్నీ నేనే ఆపేశాను."

"ఎందుకు?"

"పోయిన మీటింగులో నా స్క్రీన్ తలకిందులు చేసిందెవరు?"

"సరదాకి చేశానక్కా!"

"నాకు కంప్యూటరే రాదని అందరూ నవ్వారు. ప్రమోషన్ నోటిదాకా వచ్చి పోయింది. స్క్రీన్ తిప్పేసే ఆ దిక్కుమాలిన షార్ట్‌కట్ తీసెయ్యడం నేర్చుకుంటే, మిగతావి తీసెయ్యడమూ వచ్చేసింది."

"నీ కాళ్ళు పట్టుకుంటా. రిపోర్టేదని అడిగితే పెద్దసారుకి ఏం చెప్పను?"

"నేనే చెడగొట్టానని చెప్పు. ఎందుకని అడుగుతారు. అదీ నీ నోటితోనే చెప్పు."